ఉడకబెట్టి ఉంచిన సీసా

ఆ కాలేజీకి నేను మూడు ఉత్తరాలు రాశాను. మూడూ రిజిస్టర్డు పోస్టులో, ముట్టినట్టు సంతకం తిరిగొచ్చే కార్డు జతచేసి మరీ పంపాను. మూడు కార్డులూ సంతకంతో తిరిగొచ్చాయి. జవాబు మాత్రం ఒక్కదానికీ రాలేదు. ఇరవై ఆరేళ్లుగా బ్రాంచి పోస్టుమాస్టరు పని చేస్తున్నవాణ్ని. ఉత్తరం అందలేదనే మాట నా దగ్గర చెల్లదు. అందింది. ఎవరో చదివారు. పక్కన పెట్టారు. అందుకే నాలుగో ఉత్తరం వాళ్లకు రాయడం మానేసి, నలుగురూ చదివేచోట రాస్తున్నాను.

అక్కడి జువాలజీ మేడమ్ గారు పోయిన సంగతి కూడా నాకెవరూ చెప్పలేదు. చెప్పడానికి నువ్వు ఆవిడకు ఏమవుతావని అడగొచ్చు. చుట్టాన్ని కాను, శిష్యుణ్ని కాను, వాళ్ల చర్చికి వెళ్లేవాణ్నీ కాను. ఆవిణ్ని నేను చూసింది రెండంటే రెండు రోజులు. కానీ ఆ రెండు రోజుల్లో ఆవిడ నా చేతి రక్తం తీసి, అందులో బతికున్న కణాలను నా కళ్లకే చూపించింది. అంత దగ్గరి నుంచి నన్ను ఇంకెవరూ చూడలేదు.

తొంభైల చివర్లో సంగతి. మాది మొగల్తూరు పక్కన, కాలువ చివరి ఊరు. మాకు ఎగువన వరిపొలాలు తవ్వి రొయ్యల చెరువులు వేశారు. చెరువు ఖాళీ చేసినప్పుడల్లా ఆ నీళ్లు, వాటిలో కలిపిన మందులతో సహా, పంట కాలువలోకి వదిలేవారు. ఆ ఏడు నాట్లు వేసే ఆడవాళ్ల కాళ్లు మోకాళ్లదాకా పుండ్లు పడ్డాయి. వాళ్లు రాయలేరు, నేను రాయగలను. అందుకని అర్జీ నేను రాశాను. ఒక ఆఫీసులో ఒక అధికారి నన్ను గంటన్నర నిలబెట్టి, ఆ అర్జీ మడత కూడా విప్పకుండా అడిగాడు.

"ఆ నీళ్ల వల్ల ఎవరైనా చచ్చిపోయారాండీ?"

"లేదండి."

"అయితే చచ్చిపోయాక రండి."

పక్కనున్న గుమాస్తా నవ్వాడు. ఆ నవ్వు నాకింకా గుర్తే. ఆ గుమాస్తా రిటైరయ్యాడు, జుట్టంతా రాలిపోయింది. ఇప్పటికీ నరసాపురం బస్టాండులో కనబడితే నేను మొహం తిప్పుకుని వెళ్లిపోతాను.

ఆ రోజు తిరిగి వస్తుంటే బస్సులో నా పక్కన కూర్చున్న ఒక మాస్టారు నా గోడంతా విని చెప్పాడు. రాజమండ్రిలో ఒక కాలేజీలో జువాలజీ మేడమ్ గారు ఉన్నారట. నీళ్లయినా మందయినా విషమో కాదో తేలుస్తారట. "దానికి మనిషి చావక్కర్లేదంటండి. మనిషి ఒంట్లోంచి తీసిన కణాలు చస్తే చాలంట. లెక్కపెట్టి కాగితమ్మీద రాసిస్తారు." నాకు కావలసింది సరిగ్గా అదే. ఎవరూ చావకుండా ఒక చావు కావాలి, దానికి రుజువు కావాలి.

ఆషాఢంలో ఒక రోజు తొలి బస్సెక్కాను. మా ఆవిడ సీసాలో కాలువ నీళ్లు పట్టి, తువ్వాలు చుట్టి సంచిలో పెట్టి ఇచ్చింది. తణుకులో బస్సు మారి, రాజమండ్రిలో దిగి, ఉక్కపోతలో వెతుక్కుంటూ వెళ్లేసరికి పదకొండయింది. కాలేజీ వెనకవైపు, ఒకప్పుడు కోత కోయడానికి కప్పల్ని ఉంచిన గది అది. ఆవిడకు యాభై ఏళ్లుంటాయి. సన్నగా, పొట్టిగా, తెల్లకోటు కింద నేత చీర. మెడలో నల్లదారానికి చిన్న శిలువ.

నన్ను గుమ్మం దగ్గరే ఆపేసింది. చెప్పులు విప్పమంది. మోచేతులదాకా సబ్బుతో కడుక్కోమంది, నేనేదో చావింటి నుంచి వచ్చినట్టు. లోపల ఫ్యాను ఉంది, వెయ్యలేదు. అంత దూరం నుంచి వచ్చినవాడికి మంచినీళ్లు కావాలా అని కూడా అడగలేదు. మా వైపు దారినపోయేవాడు అరుగెక్కినా ముందు చెంబుతో నీళ్లిస్తారు. ఈ మూడు అవమానాలనూ నేను వరసగా మనసులో రాసుకున్నాను.

ఫ్యాను వేస్తే గాలితోపాటు బూజు దిగి కణాలు పాడవుతాయని, ఆ గదిలో తినకూడదు, తాగకూడదని ఆవిడ తర్వాత చెప్పింది. కానీ తర్వాత చెప్పింది.

గదిలో ఒక మూల పెద్ద చెక్కపెట్టె ఉంది. కోళ్ల హేచరీ వాళ్లు గుడ్లు పొదిగించి, పాతబడ్డాక వదిలేసిన పెట్టె. కోడిపిల్లకు కావలసిన వేడీ, మన కణానికి కావలసిన వేడీ దాదాపు ఒకటేనట. దాని మీద మడతపెట్టిన బొంత ఒకటి. కరెంటు పోగానే ఆవిడ ఆ పెట్టెకు బొంత కప్పి, వేడినీళ్ల రబ్బరు సంచి లోపలికి తోసి, తలుపు సందులు చేత్తో తడిమి చూసేది. "వీళ్లకి చలెయ్యకూడదండి," అంది. వీళ్లంటే కణాలు. ఆవిడ వాటిని 'అవి' అనగా నేను వినలేదు.

సీసాలు శుభ్రం చెయ్యడానికి ఇళ్లల్లో పప్పు ఉడికించే కుక్కరే వాడేది. అది కూత పెట్టినప్పుడు, పక్క గది గుమ్మంలోంచి ఎవరో లెక్చరరు, "మేడమ్, ఇవాళ పప్పా, సాంబారా?" అని అరిచాడు. గదిలో నవ్వులు వినబడ్డాయి. ఆవిడ తలెత్తకుండా, "సీసాలండీ. వడ్డించమంటారా?" అంది. ఆ జోకు అతను రోజూ వేస్తాడని, ఆవిడ రోజూ అదే జవాబు చెబుతుందని అటెండరు చెప్పాడు. ఆ గుమ్మంలోంచి ఆవిడతో మాట్లాడేది ఆ ఒక్క మాటేనట.

నేను తెచ్చిన నీళ్లు గాజు గొట్టంలోకి వంచి వెలుగులో పట్టి చూసింది. "ఎంత తేటగా ఉన్నాయండీ మీ కాలువ నీళ్లు!" అంది. నాకు గర్వంగా అనిపించింది. మా ఆవిడ పట్టిందని చెప్పాను. ఆవిడ ఇంకేదో అడగబోయి ఆగిపోయింది.

"ఈ నీళ్లలో చేపని వేసి చూస్తే సరిపోదాండీ? చస్తే చస్తుంది, లేకపోతే లేదు," అన్నాను.

"చేప బతికితే చేపకి మంచిదని తెలుస్తుందండి. అందులో నిలబడేది చేపలు కాదు కదా." అని నా వైపు తిరిగి, "చెయ్యి చాపండి," అంది.

"నాదా?"

"రోజూ నాదే వాడతానండి. ఈ వారం ఇప్పటికే రెండుసార్లు తీసుకున్నాను. మీ నీళ్లు, మీ రక్తం. మీకూ నమ్మకంగా ఉంటుంది."

ఆవిడ ఎడమ మోచేతి మడతలో సూది గుచ్చిన చుక్కలు వరసగా కనిపించాయి. ఊళ్లో ఇంతమంది ఉండగా మీదే ఎందుకని అడిగాను. "అడిగితే రేపిస్తామంటారండి. రేపు మాత్రం రారు," అని నవ్వింది. అడగడం మానేసి చాలా ఏళ్లయిందట.

రక్తం తీసింది. మిషనులో గొట్టం గిర్రున తిప్పి, మధ్యలో తెల్లటి పొరలా తేలిన కణాలను సన్న గొట్టంతో ఒడుపుగా పైకి లాగింది. వాటిని రెండు భాగాలు చేసింది. ఉత్త నీళ్లు పోస్తే కణాలు ఉబ్బి పగిలిపోతాయట. అందుకని శుద్ధమైన నీళ్లలోనూ మా కాలువ నీళ్లలోనూ ఒకే కొలతగా ఉప్పులు, కణాలకు కావలసిన ఆహారం కలిపి, ఒకటి ఒక భాగానికీ, ఇంకోటి రెండో భాగానికీ పోసింది. రెండింటినీ ఒక గాజుజాడీలో పెట్టి, పక్కనే చిన్న కొవ్వొత్తి ముక్క వెలిగించి మూత బిగించింది. కాసేపటికి కొవ్వొత్తి దానంతటదే ఆరిపోయింది. ఆరేసరికి లోపల మిగిలిన గాలి కణాలకు సరిపోతుందట. ఆ ముక్కలు వాళ్ల చర్చిలో కాలగా మిగిలినవి. జాడీని పొదిగే పెట్టెలో పెట్టి, రేపు రమ్మంది.

ఆ రాత్రికి ధవళేశ్వరంలో మా మేనత్త కొడుకు ఇంట్లో ఉండి, మర్నాడు వెళ్లాను. ఆవిడ వరండాలో బల్ల మీద కూర్చుని ఒకే గిన్నె ఉన్న క్యారేజీలోంచి అన్నం తింటోంది. బల్ల రెండో చివర తుడిచి, దుమ్ము పడకుండా కాగితం పరిచి ఉంది. ఎవరైనా వస్తున్నారా అని అడిగితే, "లేదండి, ఎవరైనా వస్తే కూర్చోడానికి," అంది. ఆ కాగితానికి ఒక్క మడత లేదు, ఒక్క మరక లేదు.

జాడీ తెరిచి, ఒక్కో గొట్టంలో నీలం మందు చుక్క కలిపి స్లైడు మీద వేసింది. "బతికున్నవాళ్లు తలుపు తియ్యరండి, రంగు లోపలికి పోదు. చచ్చినవాళ్ల ఇంట్లోకి ఎవరైనా వెళ్లొచ్చు, వాళ్లు నీలంగా అయిపోతారు." నన్ను మైక్రోస్కోపు దగ్గర కూర్చోబెట్టింది. మొదట నా కనురెప్పే అడ్డొచ్చింది. తర్వాత, సన్నటి గళ్ల మీద, తెల్లవారుజామున గడ్డిమీద మంచులాగా గుండ్రటి చుక్కలు. ఒక్కోదాని అంచు మెరుస్తోంది.

"మీరేనండి అది," అంది నా భుజం వెనక నుంచి.

నేను చాలాసేపు లేవలేకపోయాను. ఆవిడ తొందరపెట్టలేదు. "చూడ్డానికి ఎవరూ రారండి. చూస్తే మళ్లీ వస్తారనే అనుకుంటాను," అని మాత్రం అంది.

తర్వాత ఆవిడ లెక్కపెట్టడానికి కూర్చుంది. చేతిలో చిన్న మీట, ఒక్కో కణానికి ఒక్క టిక్కు. నీలానికి వేరే మీట. గంటకు పైగా ఆ చప్పుడు తప్ప ఇంకేం లేదు. నీలం మీట మోగినప్పుడల్లా నా గుండె లేచేది. నాకు నీలం కావాలి. నా కణాలే చావాలి. కానీ అది చాలా తక్కువసార్లు మోగింది. శుద్ధమైన నీళ్లలో ఎన్ని చచ్చాయో మా నీళ్లలోనూ దాదాపు అన్నే.

ఆవిడ కాగితం మీద రాసింది. ఈ సీసాలో తెచ్చిన నీటి వల్ల, ఒక రోజులో, ఈ కణాలకు హాని కనబడలేదు.

"అంటే మా కాలువ మంచిదనా?"

"అలా రాయలేదండి."

"చెడ్డదనా?"

"అలానూ రాయలేదు. వీళ్లు అబద్ధమాడరండి. కానీ అడిగినదానికే జవాబు చెబుతారు. కనబడలేదన్నదీ ఒక జవాబే."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ గుమాస్తా నవ్వు గుర్తొచ్చింది. నోటికొచ్చింది అనేశాను. "ఎగువ చెరువులవాళ్లు మీకూ రొయ్యలు పంపారేంటండీ?"

ఆవిడ కలం మూత పెట్టింది. అరచేత్తో బల్ల తుడిచింది, అక్కడేమీ లేకపోయినా. నెమ్మదిగా అడిగింది. "మీ ఇంట్లోవాళ్లు ఆ నీళ్లు ఎలా పట్టారో ఓసారి అడుగుతారాండీ?"

అంటే మా ఆవిడకు సీసాలో నీళ్లు పట్టడం కూడా రాదని! కాగితం అక్కడే వదిలేసి వచ్చేశాను. చెప్పులు వేసుకుంటుంటే, "వచ్చేటప్పుడు ఈసారి..." అని ఏదో అంటోంది. నేను వినలేదు.

పది రోజులకు ఆవిడ దగ్గర నుంచి కార్డు వచ్చింది. దయచేసి మళ్లీ రండి, కాలువలో మీరే స్వయంగా ముంచి తీసుకురండి, సీసా నేనే ఉడికించి ఇస్తాను అని. 'మీరే స్వయంగా' అన్నచోట గీత గీసింది. ఆ గీత నాకు మళ్లీ అవమానంగా తోచింది. జవాబు రాయలేదు. తర్వాత ఇంకో కార్డు, ఆ తర్వాత ఇంకోటి. వచ్చిన కార్డు చదవకుండా ఉండటం పోస్టుమాస్టరుకు ఎంత కష్టమో పోస్టుమాస్టర్లకే తెలుస్తుంది. నేను ఉన్నాను. తేదీ ముద్ర వేశాను, రాత కనబడకుండా తిప్పాను, తూకం రాళ్ల కింద పెట్టాను. నన్ను అవమానించినవాళ్ల ఉత్తరం చదవనని పట్టుబట్టాను. ఏడేళ్లు అలాగే ఉన్నాను.

కిందటి ఏడు శ్రావణంలో ఒక పిల్ల పోస్టాఫీసుకు వచ్చింది. అప్పటి అర్జీలో వేలిముద్ర వేసిన కూలీల్లో ఒకామె కూతురు. ఇప్పుడు తనూ నాట్లకు వెళుతోంది. చీర మోకాళ్లదాకా ఎత్తి చూపించింది. అవే పుండ్లు.

"మా అమ్మకి అర్జీ రాశారంట కదండీ. జవాబొచ్చిందాండీ?"

ఆ పిల్లతోపాటే కాలువ గట్టుకు వెళ్లి, ఒక ప్లాస్టిక్ సీసా ముంచి, మర్నాడు రాజమండ్రి బస్సెక్కాను. ఆవిణ్ని క్షమించేశానని దారంతా అనుకున్నాను.

కప్పల గది గోడలకు కొత్త సున్నం. లోపల కంప్యూటర్లు, ఏసీ. ఆ పాత అటెండరే వరండాలో ఉన్నాడు. మేడమ్ గారు కావాలన్నాను.

"లేరండి. పోయారు. నాలుగు నెలలైందండి," అన్నాడు. జ్వరం అనుకున్నారట. రెండు రోజులు కాలేజీకి రాకపోతే ఇతనే ఇంటికి వెళ్లి తలుపు కొట్టాడట. చర్చివాళ్లొచ్చి మట్టి చేశారు. కాలేజీ తరపున పూలదండ పంపారు.

తర్వాత నా చేతిలో సీసా చూసి, "మీరు పోస్టుమాస్టరు గారాండీ?" అన్నాడు.

"నీకెలా తెలుసు?"

"ఆయ్, తెలీకపోవడమేంటండీ. ఏటా కాలువలు వదిలిన వారం ఓ సీసా ఉడకబెట్టించేవారండి. ఎవరికండీ అంటే, పోస్టుమాస్టరు గారొస్తారు, ఆయనకి కోపం తగ్గాక, అనేవారు." లోపలికి వెళ్లి పాత సామాన్లలోంచి వెతికి తెచ్చాడు. కాగితంలో చుట్టి, పురికొస కట్టిన సీసా. మీద ఆవిడ రాత, 'పోస్టుమాస్టరు గారి నీళ్లు.' కట్టు విప్పి లేదు.

వరండా బల్ల మీద మట్టికూజా, బోర్లించిన గ్లాసు ఉన్నాయి. అప్పట్లో అవి లేవు. అడిగితే, "మీరు వెళ్లాకే పెట్టించారండి," అన్నాడు. ఆవిడ లెక్కలు రాసుకున్న రిజిస్టర్లేమయ్యాయో, పొదిగే పెట్టె ఎవరు పట్టుకెళ్లారో అతనికి తెలియదు.

రెండు సీసాలతో ఇంటికొచ్చాను. మా ఆవిడ ప్లాస్టిక్ సీసా ఎత్తి చూసి నొచ్చుకుంది. వరద రోజులు కదా, ఎర్రటి నీళ్లు, అడుగున రెండు వేళ్ల బురద.

"ఏవండీ, ఇవి పట్టుకెళ్లారా మేడమ్ గారికి? ఇలాగే?"

"మరెలా పట్టుకెళ్లాలి?"

"అప్పుడు నేను పటిక తిప్పి, బిందె కదలకుండా ఉంచి, పైన తేట వంచి, గుడ్డలో వడగట్టి మరీ ఇచ్చాను కదండీ. రాజమండ్రి ఆవిడకి బురదనీళ్లు పంపితే మన పరువేం కాను?"

ఆషాఢంలో ఏ గోదావరి కాలువ తేటగా పారుతుంది? నా కళ్ల ముందే ఆవిడ గొట్టం వెలుగులో పట్టి చూపించింది. ఇంట్లో బిందెలో తేటనీళ్లే చూసి చూసి నాకు అది వింతనిపించలేదు. మా ఆవిణ్ని ఏమనను? మా వైపు ఏ ఇల్లాలైనా అదే చేస్తుంది. కాలువలో ఉన్నదంతా పటికతో బిందె అడుగుకు దిగిపోయింది. మేం దాన్ని పెరట్లో పారబోసి, మిగిలినదాన్ని ప్రశ్నగా పంపాం. కణాలు దానికే జవాబు చెప్పాయి. నాట్లు వేసేవాళ్లు మాత్రం పటిక వేసిన నీళ్లలో నిలబడరు.

అప్పుడు తూకం రాళ్లు ఎత్తాను. రెండో కార్డులో ఇలా ఉంది. "శుద్ధమైన నీళ్లలో ఉంచిన మీ కణాల్లో కొందరు ఇంకా బతికే ఉన్నారండి. మీరు వచ్చి చూస్తారేమోనని పారబొయ్యలేదు." మూడోది ఇది. "సీసాలో మిగిలిన నీళ్లు నా కణాల మీద కూడా చూశాను. అదే జవాబు. పటిక వేశారేమో కనుక్కోండి. ఆ రోజు మీకు మంచినీళ్లయినా ఇవ్వలేదు, తప్పయింది. ఇప్పుడు బయట కూజా పెట్టించాను. రండి."

ఆవిడకు జవాబు రాయనివాళ్లలో నేనూ ఒకణ్ని. ఎవరు ఎప్పుడు నన్ను నిలబెట్టారో, ఎవరు నవ్వారో అన్నీ గుర్తుపెట్టుకున్నవాణ్ని, దీన్ని మాత్రం దాచుకోవడం న్యాయం కాదు. అందుకే రాశాను. కానీ ఆవిడకు ఇక నేను జవాబు రాయలేను. కాలేజీవారూ, మీరు నాకు రాయగలరు.

ఆ ఉడికించిన సీసా నా బల్ల మీద ఉంది. పురికొస ఇంకా విప్పలేదు. కాలువలు వదలగానే నేనే దిగి ముంచుతాను, ఎర్రగా ఉంటే ఎర్రగా, బురదగా ఉంటే బురదగా. చెయ్యి కూడా చాపుతాను, రక్తం తీసుకోండి. ఆ పెట్టె ఎక్కడుంది? ఆ రిజిస్టర్లు ఎవరి బీరువాలో ఉన్నాయి? ఆవిడ పని ఇప్పుడు ఎవరు చేస్తున్నారు? ఎవరూ చెయ్యడం లేదంటే అదే రాయండి, అదీ ఒక జవాబే. నాట్లకు వెళ్లే ఆ పిల్ల ప్రతి సోమవారం పోస్టాఫీసు గుమ్మంలో నిలబడి నన్ను అడుగుతోంది. కార్డు ముక్క చాలు, కింద ఎవరో ఒకరి సంతకం ఉంటే చాలు. అడ్రసు మళ్లీ రాయను. మీ దగ్గర మూడు ఉత్తరాల మీద ఉంది.